ఒంగోలు గిత్త రక్తంతో ఎదిగిన ఉబెరాబా

బ్రెజిల్‌లో మూపురం ఉన్న తెల్లటి ఒంగోలు జాతి పశువును 'నెలోరె' అంటారు. అది మన నెల్లూరు పేరే. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి.

ఆ పశువుల వ్యాపారానికి గుండెకాయ మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా. 1889లో మోజియానా కంపెనీ రైలు మార్గం వచ్చాక, అక్కడి రైతులు గిత్తల కోసం నేరుగా ఇండియాకే మనుషుల్ని పంపారు. యూరప్ జాతులు ఆ ఎండకీ, పిడుదులకీ తట్టుకోలేకపోయాయి. ఒంగోలు పశువుకు తెల్లటి పొట్టి వెంట్రుకలు, వాటి కింద నల్లటి చర్మం. ఎండ లోపలికి దిగదు.

పొరపాట్లూ జరిగాయి. గిర్, గుజెరా, నెలోరె అనే మూడు భారతీయ జాతుల్ని కలిపి 'ఇందుబ్రెజిల్' అనే సంకరజాతిని తయారుచేసి, వేలాడే పొడవాటి చెవులకే ధర కట్టారు. మాంసం, ఎదుగుదల వెనక్కిపోయాయి. 1945 ప్రాంతంలో ధరలు కుప్పకూలాయి. నా దృష్టిలో ఆ ఊరు నేర్చుకున్న అతి ఖరీదైన పాఠం అదే. తర్వాత స్వచ్ఛమైన జాతుల వైపు మళ్ళారు. 1960ల మొదట్లో వెళ్ళిన గిత్తల్లో ఒకదాని పేరు కరవది, ఒంగోలు పక్కన ఊరి పేరే! నేటి నెలోరె వంశావళుల్లో ఆ పేరు పదేపదే కనిపిస్తుంది.

ఇప్పుడు ఊరికి చెరకు, ఫాస్ఫేట్ ఎరువులు కూడా ఆధారం. తపీరా గనుల నుంచి ఫాస్ఫేట్ ఖనిజాన్ని నీళ్ళలో కలిపి గొట్టాల్లో పంపుతారు. అయినా ఏటా మే నెలలో ఎక్స్‌పోజెబు పశు ప్రదర్శనదే సందడంతా.