మేనమామ పోలిక

చిన్నప్పుడు అందరూ నాది మేనమామ ముక్కు అనేవారు. అమ్మ మురిసిపోయేది. 24వ ఏట నాకు జబ్బు బయటపడ్డాక అదే మాట మా మేనత్త నోట వేరేగా వచ్చింది: "మామ పోలికే కదా, వాళ్ళ రక్తంలోనే ఉంది." మా మామయ్యకీ ఇదే జబ్బు, స్కిజోఫ్రీనియా.

అప్పుడు నేను అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. ముందు నిద్ర పోయింది. తర్వాత ఎవరూ లేని గదిలో ఒక మగ గొంతు. నేను ఏం చేస్తే అది చెప్పేది: "లేచింది. బాటిల్ తీసింది. నీళ్ళు తాగుతోంది." బేగంపేటలో ఎంఎంటీఎస్ ఎక్కితే అనౌన్స్‌మెంట్ కూడా నా గురించే అనిపించి, వణుకుతూ తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాను.

గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఏడు నెలలు అలాగే పోయాయి. చివరికి పిన్ని పట్టుబట్టి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. హైదరాబాద్‌లో ఆ పేరే ఒక తిట్టు. నాకు మాత్రం నిద్ర తిరిగొచ్చింది అక్కడ రాసిచ్చిన మందులతోనే.

"నావల్లే వచ్చిందా సార్?" అని అమ్మ డాక్టర్ గారిని అడిగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ. ఆయన తొందరపడలేదు. ఈ జబ్బు నూటికి దాదాపు ఒకరికి వస్తుందట. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి పది దాకా, మేనమామకైతే అంతకన్నా తక్కువ. ఒకే పోలికున్న కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి రాకపోవడమే ఎక్కువ. 2014లో వేలమంది జన్యువులు పోల్చి చూస్తే 108 చోట్ల తేడాలు దొరికాయని చెప్పారు.

"అష్టోత్తరమంతా!" అంది అమ్మ.

ఆ 108లో ఒకటి డోపమైన్ డి2 రిసెప్టర్ జన్యువు దగ్గరే ఉందట. డోపమైన్ మెదడులో సందేశాలు మోసే రసాయనం, రిసెప్టర్ దాన్ని అందుకునే చోటు. అప్పుడు నేను వేసుకున్న మందు రిస్పెరిడోన్ పనిచేసేదీ ఆ రిసెప్టర్ మీదే. అయితే ఒక్కో తేడా పెంచే ప్రమాదం రవ్వంతే, ఏ ఒక్కటీ తానుగా జబ్బు తెప్పించదు. 2022 నాటికి లెక్క 287కి చేరింది. ఒక మనిషికి వస్తుందో రాదో చెప్పే జన్యు పరీక్ష లేదు.

మందుతో గొంతు ఒక్కసారిగా ఆగలేదు. పక్కింటి టీవీలా దూరమై, మాటలు తెలియకుండా పోయి, ఒకరోజు లేదు. బరువు పెరిగాను, నెలసరి ఆగింది. మెదడు కింది గ్రంథిలోనూ డి2 ఉంటుంది, అక్కడా మందు అడ్డుపడి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుందని, నెలసరి ఆగింది అందుకేనని తర్వాత తెలిసింది. అప్పుడు భయపడి, చెప్పకుండా మానేశాను. మూడు వారాల్లో గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టర్ గారు మందు మార్చారు. ఆరేళ్ళుగా వేసుకుంటున్నాను, ఉద్యోగం చేస్తున్నాను.

మొన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ తమ్ముడి భార్య మెల్లగా అడిగింది: "వదినా, మా బాబుకి...?"

"రాకపోవడానికే ఎక్కువ అవకాశం," అన్నాను. "పెద్దయ్యాక వాడికి నిద్ర పట్టకపోయినా, లేని మాటలు వినపడినా, నాకులాగా ఏడు నెలలు ఆగొద్దు. ఆ వారమే తీసుకెళ్ళు. నేనూ వస్తాను."