కొత్త లేని పిల్లలు

మా అబ్బాయికి చిన్నప్పుడు కొత్త బాగా ఎక్కువ. మా అత్తగారు ఆరు నెలలు ఉండటానికి హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు, మొదటి వారం ఆవిడ వంటింట్లోకి అడుగుపెడితే చాలు, వీడు నా చున్నీలో మొహం దాచుకునేవాడు. డేకేర్‌లో వేస్తే పదిహేను రోజులు గేటు పట్టుకుని ఏడ్చాడు. మా రాష్ట్రంలో మూడేళ్ళలోపు పిల్లలైతే నలుగురికి ఒక టీచరు ఉండాలని రూలు. వాళ్ళలో ఒకావిడ రోజూ పొద్దున్నే వీడికోసం గేటు దగ్గరికి వచ్చేది. ఆవిడ సెలవు పెట్టిన రోజు కథ మళ్ళీ మొదటికొచ్చేది. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరు చేతులు చాస్తే వాళ్ళ చంకెక్కే పిల్లల్ని చూసి "అబ్బ, దీనికి కొత్తే లేదు!" అని అందరూ మురిసిపోతుంటే, నేను వీణ్ణి ఒళ్ళో అదిమి పట్టుకుని కాస్త చిన్నతనంగా కూర్చునేదాన్ని.

2019 జులైలో, కంబోడియాలో, కొత్త బొత్తిగా లేని పిల్లాణ్ణి ఒకణ్ణి చూశాను. అప్పటినుంచి ఆ మాట మెచ్చుకోలుగా నా నోట రావడం లేదు.

ఆస్ట్రేలియాలో జులైలో వచ్చే చలికాలం సెలవులకి సియం రీప్ వెళ్దామన్నది నా ఆలోచనే. అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి ఐదు. అంగ్‌కోర్ గుడులు ఎలాగూ చూస్తాం, ఒక పూట అక్కడి అనాథాశ్రమంలో పిల్లలతో గడిపితే మన పిల్లలకి విలువ తెలుస్తుంది అనుకున్నాను. ఈ "విలువ తెలియడం" అనేది బయటి దేశంలో పిల్లల్ని పెంచే మాలాంటివాళ్ళకి పెద్ద టెన్షన్. ఇండియా వెళ్ళినా వాళ్ళు చూసేది ఏసీ కారు, మాల్, తాతయ్య కొనిచ్చే బొమ్మలు. లేమి అంటే ఏమిటో ఎప్పుడు చూస్తారు? గుంటూరులో నా చిన్నప్పుడు ప్రతి పుట్టినరోజుకీ మా నాన్న నన్ను ఒక ఆశ్రమానికి తీసుకెళ్ళేవారు. పిల్లలు వరసగా కూర్చుంటే మొదటి విస్తట్లో నేను స్వీటు వడ్డించాలి, వాళ్ళు పాట పాడాలి, ఆ తర్వాతే తినాలి. నాకు దయ అనేది అక్కడే అబ్బిందని నమ్మకం. అదే నా పిల్లలకీ కావాలనుకున్నాను.

నెట్‌లో ఒక ఆశ్రమం దొరికింది. కుటుంబాలు రావచ్చు, ఏ వయసు పిల్లలైనా పరవాలేదు అని రాసుకున్నారు. మెయిల్ పెడితే గంటలో జవాబు. ఏ రోజు వస్తారు, బియ్యం ఎన్ని బస్తాలు తెస్తారు అని అడిగారు. మేమెవరం అని మాత్రం అడగలేదు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టనే లేదు.

వాన వెలిసిన ఉదయం, ఎర్రబురద దారిలో టుక్‌టుక్. మా అమ్మాయి చేతిలో అక్కడి రియెల్ నోట్లు పట్టుకుని "అమ్మా, ఇవి మన అంకెలే!" అని అరిచింది. నిజమే, వాళ్ళ ఖ్మేర్ భాషలో ఒకటి, రెండు, మూడు అంకెలు చూస్తే మన ౧, ౨, ౩కి తోబుట్టువుల్లా ఉంటాయి. వాళ్ళ లిపి పల్లవుల నాటి లిపి నుంచి వచ్చింది, మన లిపికి దూరపు చుట్టం. ఆదివారం తెలుగు తరగతిలో నేను ఎన్నిసార్లు దిద్దించినా ముక్కుతూ మూలుగుతూ రాసిన పిల్ల, ఆ టుక్‌టుక్‌లో కూర్చుని బోర్డులన్నీ చదవబోయింది. ఆ ప్రయాణంలో నేను కోరుకున్న పాఠం కాదు గానీ, గట్టిగా నిలబడిన పాఠం అదే.

దారిలో డ్రైవర్ చూపించిన కొట్లోనే బియ్యం బస్తా కొన్నాం. (సాయంత్రానికి ఆ బస్తా మళ్ళీ అదే కొట్టుకి చేరిందా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్ళో టూరిస్టులతో పాలపొడి డబ్బా కొనిపించి, వాళ్ళు వెళ్ళగానే వెనక్కి అమ్మేయడం బాగా తెలిసిన తంతు.)

మేం దిగేసరికి పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. ఇంగ్లీషులో స్వాగతం పాట. తర్వాత నలుగురు ఆడపిల్లలు అప్సర నాట్యం చేశారు, వేళ్ళు వెనక్కి విల్లులా వంచి. నేనింకా వరండా మెట్టు మీద కూర్చోకముందే మూడేళ్ళ పిల్లాడొకడు వచ్చి నా ఒళ్ళోకెక్కి, మెడ చుట్టూ చేతులేసి, "మమ్మీ" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. మా వాడు పక్కన నిలబడి, నోరు తెరుచుకుని, తన సీటు ఎవరో ఆక్రమించినట్టు చూస్తున్నాడు. నేను మా అమ్మాయికి ఫోనిచ్చి ఫోటో తీయమన్నాను. ఆ ఫోటో హోటల్‌కి చేరకముందే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడింది. దణ్ణాలు, కన్నీళ్ళు, పూలు.

రెండు గంటల తర్వాత లేచాం. పిల్లాణ్ణి దించాలంటే నాకు గుండె పిండేసినట్టుంది. ఏడుస్తాడేమో, ఎలా ఓదార్చాలి అని లోపల గుంజాటన. వాడు ఏడవలేదు. చేతులు వదిలేసి నేల మీదకి దిగాడు. అప్పుడే గేటు ముందు ఇంకో టుక్‌టుక్ ఆగింది. అందులోంచి దిగినావిడ దగ్గరికి నడిచి వెళ్ళి, అలాగే చేతులు చాచాడు. అదే నవ్వు. "మమ్మీ."

మా ఆయన ఈ రెండు గంటలూ లోపలికి రాలేదు. డ్రైవర్‌తో పాటు చెట్టు కింద నిలబడ్డాడు. కోపమొచ్చి ఏమీ అనలేదు నేను. రాత్రి పిల్లలు పడుకున్నాక తనే చెప్పాడు. ఆయన ఐదో తరగతి నుంచి ఒంగోలు దగ్గర సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివాడు. ఆ విషయం నాకు తెలుసు, ఈ విషయం తెలీదు. ఎవరో నాయకుడి పుట్టినరోజుకి పిల్లలందర్నీ ఉతికిన బట్టలేసుకుని వరసలో నిలబడమన్నారట. బ్రెడ్డు, అరటిపండ్లు పంచారట. ఈయనకి పండు ఇచ్చాక, ఫోటో సరిగ్గా రాలేదని వెనక్కి తీసుకుని, మళ్ళీ ఇచ్చారట. "ఆ పండు తిన్నానా లేదా అన్నది గుర్తులేదు. రెండోసారి చెయ్యి చాచింది మాత్రం గుర్తుంది" అన్నాడు.

పొద్దున్నే మా అమ్మాయి రెండో దెబ్బ వేసింది. దానికి అక్కడ పదేళ్ళ పిల్లతో స్నేహం కుదిరింది, దారాల కంకణం కట్టించుకుంది. "అమ్మా, అనాథ అంటే అమ్మానాన్నా లేనివాళ్ళని కదా చెప్పావు? తనకి అమ్మ ఉందట. ఊళ్ళో వరి నాట్లు వేస్తుందట." బహుశా ఇద్దరి ఇంగ్లీషూ కలిసి ఏదో తికమక అయ్యుంటుందని సర్దిచెప్పాను. విమానాశ్రయానికి వెళ్తుంటే ముందు పోతున్న టుక్‌టుక్ వెనక ఒక పోస్టరు కనిపించింది. అద్దాల పెట్టెలో పిల్లలు, చుట్టూ కెమెరాలతో జనం. పిల్లలు చూడటానికి వచ్చే వింతలు కారు అని దాని అర్థం. పిల్లల రక్షణ కోసం పనిచేసే చైల్డ్‌సేఫ్ వాళ్ళు 2011 నుంచి చేస్తున్న ప్రచారమట అది. ఒక రోజు ముందు కనిపించి ఉంటే ఆగేదాన్నా? ఆగేదాన్ని కాదేమో.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. తికమక పడింది మా అమ్మాయి కాదు, నేను. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు ఇలాంటి ఆశ్రమాల సంఖ్య డెబ్భై ఐదు శాతం పెరిగింది. యుద్ధం అయిపోయి ఏళ్ళు గడిచాక, దేశం కాస్త కోలుకుంటున్నప్పుడు అనాథలు పెరగడమేమిటి? పెరిగింది టూరిస్టులు. ఆ పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యునిసెఫ్‌తో కలిసి అక్కడి ప్రభుత్వం చేసిన అధ్యయనమే చెప్పింది. ఆ తర్వాత లెక్క తీస్తే 406 సంస్థలు, వాటిలో పదహారు వేలకు పైగా పిల్లలు. ఊళ్ళో పేదవాళ్ళకి చదువు ఆశ చూపించి, ఇంగ్లీషు వస్తుందని చెప్పి పిల్లల్ని తెచ్చుకుంటారు. ఈ ఆశ మనకి కొత్తదేమీ కాదు. మా ఆయన హాస్టల్లో చేరింది అందుకే. తేడా ఏమిటంటే ఆయన సంక్రాంతికి ఇంటికెళ్ళేవాడు, వాళ్ళమ్మని లేనిదాన్ని చేసి ఎవరూ చందాలు అడగలేదు.

ఆస్ట్రేలియాలో 2017 చివర్లో పార్లమెంటు కమిటీ ఈ వ్యవహారం మీద పెద్ద నివేదికే ఇచ్చింది, ఆధునిక బానిసత్వం గురించిన విచారణలో భాగంగా. అంటే మేం టికెట్లు కొనడానికి ఏడాదిన్నర ముందే. మేం వెళ్ళొచ్చిన ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఈ మాటే తీర్మానంలో పెట్టింది. పేపర్లు చదివే ఇల్లే మాది. కళ్ళ ముందున్నా పట్టించుకోలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ పొడిచింది నా పర్సులో ఉన్న కార్డు. ఇక్కడ ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలకి అ ఆ లు దిద్దించాలన్నా నాకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉండాలి. పోలీసు రికార్డులు చూస్తారు, ఐదేళ్ళకోసారి మళ్ళీ తీసుకోవాలి. మా పిల్లల డేకేర్‌లోకి దారిన పోయేవాళ్ళు వచ్చి "రెండు గంటలు మీ పిల్లల్ని ఎత్తుకుంటాం, ఫోటోలు తీసుకుంటాం, బియ్యం ఇస్తాం" అంటే మేం ఊరుకుంటామా? అక్కడ నన్ను పేరు కూడా అడగలేదు, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టారు.

ఇక ఆ పిల్లాడి నవ్వు. రుమేనియాలో నియంత చౌషెస్కు కాలం నుంచి పెద్ద పెద్ద అనాథాశ్రమాలుండేవి. 2000లో కొందరు అమెరికన్ పరిశోధకులు బుకారెస్ట్‌లో అలాంటిచోట్ల ఉన్న 136 మంది చిన్నపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపి, మిగతావాళ్ళతో పోల్చుతూ ఏళ్ళ తరబడి గమనించారు. రెండేళ్ళ లోపు ఇల్లు దొరికిన పిల్లలు ఎక్కువ తేరుకున్నారు. ఒక పరీక్షలో, ముక్కూమొహం తెలియని మనిషి గుమ్మంలో నిలబడి రమ్మంటాడు. అమ్మానాన్నల దగ్గర పెరిగిన పిల్లలు దాదాపు ఎవరూ కదల్లేదు. ఆశ్రమాల్లో పెరిగినవాళ్ళలో చాలామంది వెంట నడిచారు. ఎవరు ముందొస్తే వాళ్ళతో. అదంతా చదివి, మంచం మీద బోర్లా పడి నిద్రపోతున్న మా వాణ్ణి చూశాను. చున్నీలో మొహం దాచుకున్న వెధవ. మా అత్తగారు అప్పట్లో నొచ్చుకుని "నా మనవడే నన్ను చూసి దడుచుకుంటున్నాడు" అంటే నేను పడ్డ సిగ్గంతా గుర్తొచ్చింది.

స్నేహితులతో ఈ సంగతి చెబితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. "ఇంత లోతుగా ఆలోచిస్తే ఎవరూ ఎవరికీ సాయం చెయ్యలేరు" అంది ఒకావిడ. పూర్తిగా కొట్టిపారేయలేను. నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉంటారు. వాళ్ళని ఏళ్ళ తరబడి సాకే ఆయాలూ, టీచర్లూ ఉంటారు. వాళ్ళకీ, నాలాగా రెండు గంటలకి వచ్చేవాళ్ళకీ పోలిక లేదు. పైగా నేను ఆ ఆశ్రమానికి నెలకి యాభై డాలర్లు పంపుతూ వచ్చాను. చదివిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆపలేకపోయాను, ఆపితే ఆ పిల్లాడి అన్నం నేనే లాక్కున్నట్టు అనిపించింది. 2020లో సరిహద్దులు మూసేసి టూరిస్టులు ఆగిపోయాక వాళ్ళ నుంచి మెయిళ్ళు ఆగిపోయాయి, వెబ్‌సైటూ పోయింది. నిర్ణయం నేను తీసుకున్నానని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం మారాం. మా వాడి పుట్టినరోజుకి ఆశ్రమంలో భోజనం పెట్టిద్దాం అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. డబ్బు పంపుతాం, మనిషి వెళ్ళడు, కేకు వెళ్ళదు. అలాంటిచోట ఉన్న పిల్లల ఫోటో బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం తప్పు అని చెబితే ఆవిడ నమ్మలేదు. "అందరూ పెడుతున్నారుగా" అన్నారు. ఆవిడ బాధ నాకు తెలుసు. వడ్డించే చెయ్యి ఉంటేనే ఆవిడ లెక్కలో అన్నదానం.

మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగు. కిందటి నెల స్కూల్లో ప్రసంగానికి ఈ విషయమే ఎంచుకుంది, నన్ను అడక్కుండానే. రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి ఆ ఫోటో కావాలంది. వాడి మొహం వద్దన్నాను. సరేనని నా మెడ చుట్టూ ఉన్న రెండు చేతులు మాత్రం కత్తిరించుకుంది. చాలాసేపు ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది.

"ఆశ్రమం మూసేశాక వాళ్ళ ఊరికి పంపించేసి ఉంటారా అమ్మా?"

"తెలీదు నాన్నా. వాళ్ళమ్మ ఉంటే, పంపించే ఉంటారు."

కాసేపటికి, దానికొచ్చిన తెలుగులో, మెల్లగా అడిగింది. "అయితే వాళ్ళమ్మని చూసి కొత్త చేసుంటాడా?"