టిఎస్ పెడల్‌లో చిటపట: పగలు ఉండదు, రాత్రి వదలదు

దొరికింది! నా గిటార్ పెడల్ చిటపటకి కారణం ఐసీ కాదు, కెపాసిటర్ కాదు, ట్రాన్సిస్టర్ అసలే కాదు. కందిగింజంత ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి రాసేది) జిడ్డు.

పెడల్ ట్యూబ్ స్క్రీమర్ (టిఎస్) అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి నకలు, దాని 808 మోడల్ సర్క్యూటే. పాడైన వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) తీసి ఆల్ఫా కంపెనీది వేశాక ఆ గోల తీరింది. మిగిలింది చిటపట. మధ్యాహ్నం శుభ్రంగా పలుకుతుంది. పొద్దుగూకి బీచ్ వైపు కిటికీ తెరిస్తే, పది నిమిషాల్లో నూనెలో ఆవాలు పడ్డట్టు మొదలు. గిటార్ పీకేసినా ఆగదు. డ్రైవ్ తగ్గిస్తే మాత్రం అణుగుతుంది. డ్రైవ్ నాబ్ ఉన్నది ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) దశలో. అక్కడ గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో, అడుగున 12, పూర్తిగా తిప్పితే 118. అంటే రొద ఆప్‌ఆంప్‌కి ముందే పుడుతోంది.

అయినా ఐసీ మార్చి చూడటం మనవాళ్లందరికీ ఉన్న జబ్బే. ఆ ఆప్‌ఆంప్ ఐసీ 4558. దాని ఎనిమిదో కాలు 9.0 వోల్టులు, నాలుగోది సున్నా, మిగతావన్నీ 4.5 దగ్గర. ఇలా ఉన్నప్పుడు ఐసీ జోలికి పోవడం దండగ. మార్చినా చిటపట అలాగే ఉంది.

గిటార్ సిగ్నల్‌ని మొదట అందుకునే ఇన్‌పుట్ బఫర్ 2ఎస్‌సీ1815 ట్రాన్సిస్టర్. బేస్, ఎమిటర్, కలెక్టర్ దాని మూడు కాళ్లు. బేస్‌కి 4.5 వోల్టులు 510కె రెసిస్టర్ మీదుగా వస్తాయి. అక్కడ మీటరు పెడితే మీటరే కాస్త లాగేసుకుంటుంది, అందుకని ఎమిటర్ దగ్గర కొలవాలి. పగలు 3.3. రాత్రి 2.1, అదీ నిలకడగా లేదు, 1.9కీ 2.4కీ మధ్య ఊగుతోంది. ఆ ఊగుడే స్పీకర్లో చిటపట.

మొదటి అనుమానం ఇన్‌పుట్ కెపాసిటర్ లీకేజీ. ఒక కాలు ఎత్తేసినా 2.1 అలాగే ఉంది. రెండోది ట్రాన్సిస్టర్: కొత్తది వేసినా అంతే. (బీసీ547 వేసేవాళ్లు కాళ్లు చూసుకోండి. చదును ముఖం మనవైపు పెడితే 1815 ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. 547 కలెక్టర్, బేస్, ఎమిటర్.) మూడోది రెసిస్టర్: పీకి కొలిస్తే 508కె, భేషుగ్గా ఉంది.

హెయిర్ డ్రయ్యర్ పెడితే రెండు నిమిషాల్లో 3.2కి ఎక్కింది. నోటితో హా అని ఊదితే టపీమని 2కి పడింది. ఇక సందేహం లేదు. మూడు పార్టులూ తీసేసి బేస్ ప్యాడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే 1.1 మెగ్ ఓమ్‌లు, కదులుతూ. అక్కడ ఏమీ చూపించకూడదు. లీకేజీ పక్కనున్న, 9 వోల్టుల కలెక్టర్‌కి అయితే వోల్టేజీ పెరగాలి. పడుతోంది కాబట్టి, ప్యాడ్ చుట్టూ పరిచిన గ్రౌండ్ రాగికే.

డబ్బాలో అమ్మే పేస్ట్ ఫ్లక్స్ బోర్డు మీద మిగిలితే తేమ పీలుస్తుంది. దానికి విశాఖ ఉప్పుగాలి తోడు: తేమ 75 శాతం దాటితే ఉప్పు తనే నీరవుతుంది. లోపలే ఫ్లక్స్ ఉండే రోజిన్ కోర్ సోల్డర్ ఉండగా ఆ డబ్బా ఎందుకో నాకు అర్థం కాదు.

కడగడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. ఒక్కసారి రుద్దితే జిడ్డు పలచబడి పరుచుకుంటుందంతే, ఎండాక తెల్లగా కనబడుతుంది. రెండోసారి కొత్త ఆల్కహాల్‌తో కడిగి, కిందికి జారేలా బోర్డు వాల్చి పట్టుకోవాలి. పాట్‌లలోకి పోనివ్వొద్దు, గ్రీజు కొట్టుకుపోతుంది. ఇప్పుడు రాత్రి కూడా 3.3. ఊదితే 3.25కి పడి వెంటనే తిరిగొస్తోంది.

పైన ఆక్రిలిక్ స్ప్రే రెండు పలచటి పూతలు వేయాలి, సాకెట్‌కీ జాక్‌లకీ టేపు వేశాకే. స్ప్రే బదులు నెయిల్ పాలిష్ పూయమనే సలహా వద్దు బాబూ, మళ్లీ సోల్డర్ చేయాలంటే గోకలేక చావాలి.

510కె బదులు 220కె వేస్తే లీకేజీ ఇంతగా తెలియదు కానీ ట్రెబుల్ కాస్త మొద్దుబారుతుంది, నాకు ఇష్టం లేదు. కొత్త బోర్డులో బేస్ ప్యాడ్ చుట్టూ గ్రౌండ్ తీసేసి, ఎమిటర్‌కి కలిపిన గీత ఒకటి రింగులా తిప్పుతా. రెండు చివర్లా వోల్టేజీ దాదాపు ఒకటే అయితే లీకేజీ కరెంటు పారడానికి దారేదీ? దాని తర్వాత చేయబోయేది పీటీ2399 ఐసీతో డిలే (ప్రతిధ్వని) పెడల్. ఆన్ చేయగానే బిగుసుకుపోకుండా ఆరో కాలికి డిలే పాట్‌తో సిరీస్‌లో 2.2కె పెట్టి చూడాలి.