మంట లేని పొయ్యి మీద బీరు

గ్యాస్ మీద బీరు కాచినన్నాళ్లూ నా గోల ఒక్కటే, టెంపరేచర్. గింజలు నానేటప్పుడు 67 డిగ్రీల దగ్గర ఆపాలని మంట తగ్గిస్తే కాసేపటికి 63, సరే అని పెంచితే 71, థర్మామీటర్ చేతిలో పట్టుకుని గంటసేపు గిన్నె పక్కనే కాపలా. కరెంటుకి మారిపోతే నంబర్ సెట్ చేసి వెళ్లి కూర్చోవచ్చు కదా అనుకున్నా. ఇప్పుడు నిజంగానే కూర్చుంటున్నా లెండి, కాకపోతే ఇక్కడిదాకా రావడానికి ఒక బ్యాచ్ పారబోశా, ఇంకోటి చేసిన పాపానికి తాగా.

సెటప్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 50 లీటర్ల స్టీల్ గిన్నె, అడుగుకి దగ్గరగా పక్క నుంచి దూర్చిన 3000 వాట్ల హీటింగ్ ఎలిమెంట్, దాని పైన చిల్లుల ప్లేటు, ప్లేటు మీద మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) గింజల సంచి, కింద నుంచి వర్ట్, అంటే గింజలు నానిన తియ్యటి నీళ్లు, లాగి పైన పోసే చిన్న పంపు, పక్కన ఒక కంట్రోల్ బాక్స్. బాక్సులో పీఐడీ కంట్రోలర్, అంటే ప్రోబ్ (వేడి కొలిచే కడ్డీ) చెప్పేది చూసి మనం పెట్టిన టెంపరేచర్ దగ్గర నిలబెట్టేది, అది చెప్పినట్టు ఎలిమెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎస్ఎస్ఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్, అంతే. 30 లీటర్ల నీళ్లు 25 నుంచి 68 డిగ్రీలకి రావాలంటే లెక్క ప్రకారం ఒకటిన్నర యూనిట్ కరెంటు, అంటే 3000 వాట్లతో అరగంట, గిన్నె నుంచి బయటికి పోయే వేడి కూడా కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువ. 230 వోల్టుల మీద ఇది 13 ఆంప్స్ లాగుతుంది, అదీ గంటల తరబడి, కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చేద్దాం అనే ఆలోచన పెట్టుకోకండి, విడిగా లైను, విడిగా ఎంసీబీ వేయించుకోండి.

నా మొదటి తప్పు ఎలిమెంటే. పాత గీజర్‌ది ఒకటి పడుంటే అదే బిగించా, నీళ్లని కాచేది వర్ట్‌ని కాచలేదా అని. కాచింది, బ్రహ్మాండంగా కాచింది, మరిగేటప్పుడు ఏదో మాడు వాసన అనిపించింది కానీ మాల్ట్ వాసనేలే అని వదిలేశా, చివర్లో గిన్నె వంచి చూస్తే ఎలిమెంట్ చుట్టూ బొగ్గులాంటి నల్లటి పెచ్చు. నీళ్లలో అడుగంటడానికి ఏమీ ఉండదు, వర్ట్‌లో పంచదారలు, ప్రోటీన్లు, గింజల పిండి అన్నీ ఉంటాయి కదా, అవి ఆ ఇనుప కడ్డీ మీద కూర్చుని మాడిపోతాయి. గ్యాస్ మీద అయితే మంట ఎంతుందో కంటికి కనిపిస్తుంది, ఎక్కువైతే తగ్గిస్తాం. ఇక్కడ 3000 వాట్లు ఒక జానెడు కడ్డీలోంచి వస్తున్నాయని పైనుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది. ఆ బీరు రెండు వారాలు ఆగి రుచి చూస్తే బూడిద నాకినట్టుంది, ఆ రుచి ఎన్నాళ్లు దాచినా పోదు, సింకులో పోసేశా.

తర్వాత కొన్నది అదే 3000 వాట్లే, కానీ కడ్డీ చాలా పొడుగు, మెలికలు తిప్పి మడిచి ఉంటుంది, అంటే అదే వేడి ఎక్కువ మేర పరుచుకుంటుందన్నమాట. చదరపు సెంటీమీటరుకి సుమారు 8 వాట్లు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది. అమ్మేవాడు ఎన్ని వాట్లో పెద్దక్షరాల్లో రాస్తాడు, ఈ లెక్క మాత్రం మనం అడిగి తెలుసుకోవాలి.

రెండో బ్యాచ్ కథ ఇంకా విచిత్రం. మాడలేదు, డిస్‌ప్లే మీద గంటసేపు 67.0 కదలకుండా నిలబడింది, నేను దాన్ని ఫోటో కూడా తీసుకున్నా. ఈస్ట్ పని అయ్యాక హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచేది, ఈస్ట్ పంచదార తిన్నకొద్దీ నంబర్ దిగుతుంది) వేస్తే 1.011 దగ్గర ఆగాల్సింది 1.005కి దిగిపోయింది. మొదలు 1.048 కాబట్టి ఆల్కహాల్ 4.9 శాతం అనుకున్నది 5.6 అయింది. నోట్లో నీళ్లలా పల్చగా, తలకి మాత్రం గట్టిగా. ఎందుకా అని బుర్ర గోక్కుంటే, తప్పంతా ప్రోబ్ పెట్టిన చోటుది. ప్రోబ్ కింద ఎలిమెంట్‌కి దగ్గర్లో ఉంది, సంచికి పిండి పట్టేసి పంపు పోసే వర్ట్ గింజల్లోంచి సన్నగా కారుతోంది, ప్రోబ్ దగ్గర 67 అవ్వగానే కంట్రోలర్ ఆపేస్తోంది, పైన గింజల మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 62. గింజల్లో పిండిని పంచదార చేసే ఎంజైములు ముఖ్యంగా రెండు, బీటా అమైలేజ్‌కి 60 నుంచి 65 ఇష్టం, అది ఈస్ట్ తినగలిగే చిన్న పంచదారల్ని ఎక్కువ చేస్తుంది. ఆల్ఫాకి 70 చుట్టుపక్కల ఇష్టం, అది ఈస్ట్ తినలేని పెద్ద ముక్కల్ని కూడా మిగులుస్తుంది, బీరుకి నోట్లో బరువు వచ్చేది వాటితోనే. నేను 67 అనుకుంటూ 62లో నడిపా, అంతా బీటా రాజ్యం. కంట్రోలర్ అబద్ధం చెప్పలేదు పాపం, ప్రోబ్ కొస దగ్గర ఎంతుందో అదే చెప్పింది, మొత్తం గిన్నె గురించి అని నేను అనుకున్నా.

ఇప్పుడు ప్రోబ్‌ని పంపుకి వెళ్లే పైపులో పెట్టా, గింజలు మరీ మెత్తగా కాకుండా కాస్త గరుకుగా ఆడిస్తున్నా, సంచిని పది నిమిషాలకోసారి కదుపుతున్నా. అయినా పైన ఒక డిగ్రీ తేడా ఉంటుంది, దానికి నేను గొడవ పడట్లేదు.

కరెంటు సంగతి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే లైను కట్ చేసేది), 30 మిల్లీఆంప్స్‌ది, లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, గిన్నెకి ఎర్త్ తప్పనిసరి. ఒకరోజు మాష్ (గింజలు నానే దశ) మధ్యలో టక్‌మని పడిపోయింది, మళ్లీ ఎత్తితే మళ్లీ పడింది, నాకు చిరాకొచ్చి దీన్ని తిట్టుకున్నా, విప్పి చూస్తే ఎలిమెంట్ దగ్గర లీకు ఆపే ఓ-రింగ్ సాగిపోయి టెర్మినల్స్ మీదకి ఒక్కొక్క చుక్క వర్ట్ జారుతోంది. అది పడిపోకపోతే చేత్తో ముట్టుకుని చూసేవాణ్ణే. ఇంకోటి, ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉంది కదా అని వైర్లు ముట్టుకోకండి, ఆఫ్‌లో కూడా కొంచెం లీకేజీ ఉంటుంది, పైగా అది పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది, కంట్రోలర్ ఆపమని మొత్తుకుంటున్నా ఎలిమెంట్ కాగుతూనే ఉంటుంది. అందుకే దాని ముందు రెండు వైర్లనీ కట్ చేసే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ పెట్టా. 13 ఆంప్స్‌కి ఎస్ఎస్ఆర్ ఒక్కటే 15 వాట్ల దాకా వేడెక్కుతుంది, హీట్ సింక్ బాక్సు బయటికి ఉండాలి.

మరిగించేటప్పుడు పీఐడీని ఆటోలో ఉంచకండి, మాన్యువల్‌లో శాతం పెట్టుకోండి. పొంగు దాటేదాకా 100, తర్వాత నా గిన్నెకి 65 చాలు. గంటకి రెండు మూడు లీటర్లు ఆవిరైపోతుంది, మూత పూర్తిగా పెట్టేస్తే ఉడికిన మొక్కజొన్న వాసనిచ్చే డీఎంఎస్ అనే పదార్థం లోపలే ఉండిపోతుంది, కాబట్టి మూత తీసే ఉంచాలి. పొగ రాదు కదా ఇంట్లోనే చేసుకోవచ్చన్నారు అందరూ, ఈ ఆవిరి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది, సీలింగ్ మీద చుక్కలు చూపించి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అప్పుడు వచ్చింది.

మరిగాక రాగి కాయిల్‌తో 20కి చల్లార్చి ఈస్ట్ వేయడం అంతా పాత పద్ధతే, అక్కడ కరెంటుతో పనేం లేదు. మొన్నటి బ్యాచ్ 1.049 నుంచి 1.012కి వచ్చి ఆగింది. కొత్త ఓ-రింగ్ మాత్రం సిలికాన్‌ది వేశా, ప్రతిసారీ మొదలుపెట్టేముందు దాని కింద ఒక పొడి టిష్యూ పెట్టి పావుగంట ఆగి చూస్తున్నా.