మత్తేభంలో రుక్మిణి ప్రశ్నలు

పరీక్షకైతే గణవిభజన చేసి, అంటే అక్షరాలను గురులఘువుల గుంపులుగా విడగొట్టి, పద్యం పేరు రాస్తే చాలు. మా తెలుగు మాస్టారు మాత్రం అక్కడితో వదిలేవారు కాదు. స-భ-ర-న-మ-య-వ, 20 అక్షరాలు, 14వది యతి, మత్తేభం అని మేం గడగడా అప్పజెప్పాక, "ఇప్పుడు ఆ పిల్ల ఏమంటోందో చూడండర్రా" అనేవారు. రుక్మిణీకల్యాణంలోని ఈ పోతన పద్యం నాకు అలా దక్కింది:

ఘనుడా భూసురుడేగెనో? నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో?
విని కృష్ణుండిది తప్పుగా దలచెనో? విచ్చేసెనో? యీశ్వరుం
డనుకూలింప దలంచునో? తలపడో? యార్యామహాదేవియున్
నను రక్షింప నెఱుంగునో? యెఱుగదో? నా భాగ్యమెట్లున్నదో?

శిశుపాలుడితో పెళ్లి ముంచుకొచ్చింది. కృష్ణుడికి కబురు మోసుకెళ్లిన బ్రాహ్మణుడు అగ్నిద్యోతనుడి జాడ లేదు. ఆ ఆరాటమంతా నాలుగు పాదాల్లో తొమ్మిది ప్రశ్నలైంది.

ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరంగా వచ్చే ఒకే హల్లు, ఇక్కడ 'న': ఘను, విని, అను, నను. ఆ నకారమే ఏగెనో, చిక్కెనో, తలచెనో, విచ్చేసెనో అంటూ పద్యం పొడుగునా మోగుతుంది. ప్రాసనియమం ఎక్కడ ఆగిందో, రుక్మిణి గుండెదడ ఎక్కడ మొదలైందో విడదీయలేం. పోతన గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి 14వ అక్షరంతో కుదరాల్సిన ధ్వనిమైత్రి, దాని సంగతి ఇంకా బాగుంటుంది. మొదటి పాదంలో ఘకారానికి మైత్రి 'మార్గ' అనే మాట మధ్యలో కుదిరింది. తక్కిన మూడింటిలో 13వ అక్షరంతో ఒక ప్రశ్న పూర్తవుతుంది, సరిగ్గా యతిస్థానంలో కొత్తది పుడుతుంది: విచ్చేసెనో, ఆర్యామహాదేవి (గౌరి), నా భాగ్యం. ఒక అనుమానం తీరకముందే ఇంకొకటి తోసుకొస్తుంది.

క్రియలు కూడా చూడండి. బ్రాహ్మణుడి గురించి, కృష్ణుడి గురించి అడిగినవన్నీ జరిగిపోయినవాటి మీద ఊహలు. దేవుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కో క్రియ అవును-కాదుల జంట అయింది: తలంచునో తలపడో, ఎఱుంగునో ఎఱుగదో. మనుషుల విషయంలో ఏం జరిగి ఉంటుందా అని బెంగ, దేవతల విషయంలో అసలు కరుణిస్తారా అని బెంగ.

చివరి ప్రశ్నకు జంట లేదు. 'నను' అని మొదలైన పాదం యతి దగ్గర 'నా' అంటుంది. దూత, ప్రియుడు, ఈశ్వరుడు, గౌరి అందరి గురించీ అడగడం అయిపోయాక, ఇక అడగడానికి తన అదృష్టమొక్కటే మిగిలింది.