తొమ్మిది అంగుళాల గోడకు రెండు గీతలు

తొంభైల చివర్లో మన కాలేజీలో సివిల్ డిప్లొమా చదివినవాళ్లను హన్మకొండ చౌరస్తాలో ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవారు. వీపున షీట్లు చుట్టి పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం, సంచిలోంచి పొడుచుకొచ్చిన మినీ డ్రాఫ్టర్ (షీటు మీద గీతలు గీసే పనిముట్టు). బస్సులో ఆ డ్రాఫ్టర్ ఎవరికి గుచ్చుకుంటే వాళ్లతో తిట్లు. షీటు నలగకుండా కాజీపేట దాకా నిలబడి వెళ్లడం సిలబస్‌లో లేని ప్రాక్టికల్.

డిప్లొమా తర్వాత నేను హైదరాబాద్ వెళ్లి ఆర్కిటెక్చర్ చదివాను. ఇప్పుడు హన్మకొండలోనే ఇళ్లు, చిన్న స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు డిజైన్ చేస్తుంటాను. పూర్వ విద్యార్థుల సంచికకు జ్ఞాపకాలు రాయమంటే మెస్ భోజనం గురించి, స్ట్రైకుల గురించి మిగతావాళ్లు నాకంటే బాగా రాస్తారని తెలుసు. అందుకే నేను డ్రాయింగ్ హాల్ గురించి రాస్తున్నాను. ఇంటి గురించి ఎలా ఆలోచించాలో సార్లు ఎంత నేర్పారో, చేతిలో ఉన్న పనిముట్లు కూడా అంతే నేర్పాయి. పనిముట్టు మారినప్పుడల్లా నా ఆలోచనా మారింది. అన్నిసార్లూ మంచికే అని చెప్పలేను.

మా డ్రాయింగ్ సారు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "స్కేలెంత?" అది చెప్పకుండా పెన్సిల్ ముట్టుకోనిచ్చేవారు కాదు. అప్పట్లో చాదస్తం అనుకున్నాం. 1:100లో, అంటే అసలు కొలతను వందో వంతుకు కుదించి గీస్తే, తొమ్మిది అంగుళాల గోడ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. రెండు గీతలు గీస్తే గోడ అయిపోయింది. అక్కడ ఇటుక గురించి ఆలోచించే వీలే లేదు, వంటింటికీ హాలుకూ సంబంధం ఎలా ఉండాలన్నదే ఆలోచిస్తాం. అదే గోడ 1:20లో సెంటీమీటరు దాటుతుంది. అప్పుడు దర్వాజ గోడలో ఏ అంచుకు రావాలి, ప్లాస్టరింగ్ ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలు తప్పించుకోలేం. స్కేలు ఎంచుకోవడమంటే ఈ పూట దేని మీద బుర్ర పెట్టాలో ఎంచుకోవడమే.

ఇంకు పని ఇంకో పాఠం. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో గీశాక కిటికీని జరపాలంటే బ్లేడుతో గీకాలి. కాస్త గట్టిగా గీకితే చిల్లే. అందుకని కిటికీ ఎక్కడుండాలో ఇంకు ముట్టకముందే తేలిపోయేది. తేల్చుకోవడానికి కింది గీతలు కనిపించే పల్చటి బటర్ పేపర్ ఉండేది. పాత ప్లాను మీద కొత్త కాగితం పరిచి, బాగున్నది ఉంచి, నచ్చనిది మార్చి గీసేవాళ్లం. నచ్చనిది కూడా కింద మసకగా కనిపిస్తూనే ఉండేది. ఎన్నో కాగితాలు ఖరాబు చేశాక మొదటి ప్లానే నయమని తేలడం మామూలే. కంప్యూటర్‌లో అన్‌డూ కొడితే ఆ మసక పొర ఉండదు. ఫైళ్లకు ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ లాస్ట్’ అని పేర్లు పెట్టి దాచుకుంటాం గానీ, వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూసేవాళ్లు నాకైతే కనపడలేదు.

అలాగని కాగితం రోజులే బంగారం అంటే నేను ఒప్పుకోను. డ్రాఫ్టర్‌కు రెండు స్కేళ్లు, వాటి మధ్య తొంభై డిగ్రీలు. మా బ్యాచ్ డిజైన్ చేసిన బస్టాండ్లు, ఆసుపత్రులు, బంగ్లాలు అన్నీ డబ్బాలే. వంపు గీత కావాలంటే ఫ్రెంచ్ కర్వ్ (వంపులు గీసుకునే అచ్చు) తీయాలి, దాంతో గీత అతుకులు పడుతుంది, మార్కులు పోతాయి. కాబట్టి వంపులు మా ఊహలోకే రాలేదు. డబ్బాలు గీయమని ఎవరూ చెప్పలేదు, డ్రాఫ్టరే మాతో గీయించింది.

కంప్యూటర్‌తో బొమ్మ గీయడం నిజానికి చాలా పాత సంగతి. ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో 1963లో తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. అందులో తెర మీద లైట్ పెన్నుతో గీసేవారు. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 1982 చివర్లో వచ్చింది. మన దాకా వచ్చేసరికి రిలీజ్ 14 నడుస్తోంది. నయీంనగర్ కోచింగ్ సెంటర్లో నల్ల తెర ముందు కూర్చుని ‘ఎల్’ కొట్టి గీత, ‘ఓ’ కొట్టి ఆఫ్‌సెట్. తొమ్మిది అంగుళాలు అని టైప్ చేస్తే పక్కన రెండో గీత దానంతటదే పడింది. డ్రాఫ్టర్ మోసిన చేతులకు అది మంత్రంలా అనిపించింది.

కానీ క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ డ్రాయింగ్‌లో, ఇల్లు అసలు సైజులోనే గీస్తాం. స్కేలు ప్రింటు తీసేటప్పటి సంగతి. మా సారు ప్రశ్న చివరికి జారిపోయింది. జూమ్ చేస్తే పూజగది తెరంతా నిండుతుంది, వెనక్కి వస్తే ప్లాటు మొత్తం అంతే నిండుతుంది. ఏది పెద్దది, ఏది చిన్నది అన్న అంచనా కంటికి అందదు. ఇంకో చిక్కు, గీత మొదటి నిమిషం నుంచే శుభ్రంగా ఉంటుంది. పెన్సిల్ రఫ్ చూపిస్తే ఇంటాయన ‘ఇది ఇంకా కాలేదు’ అని తన మాట చెప్పేవాడు. క్యాడ్ ప్రింటు చూపిస్తే అయిపోయిందనుకుని తల ఊపుతాడు. ఆ మాటలన్నీ స్లాబు పడ్డాక బయటికొస్తాయి. ఇక కాపీ, పేస్టు సంగతి చెప్పనక్కర్లేదు. హన్మకొండలో చాలా అపార్ట్‌మెంట్ల బెడ్‌రూముల్లో మంచం తల ఒకే గోడకు ఎందుకుంటుందో అది గీసినవాడి బ్లాక్ లైబ్రరీని (మంచం, బీరువా లాంటి రెడీమేడ్ బొమ్మల ఫైలును) అడగాలి.

డ్రాయింగ్ ఎలా గీసినా ఇల్లు మొదలయ్యేది ముగ్గుతోనే. ముగ్గు పోశాక ఇంటివాళ్లు గీతల మధ్య నడుస్తారు, ఇక్కడ పొయ్యి, ఇక్కడ బీరువా అని చేతులు చాపి చూసుకుంటారు. వర్ధన్నపేట వైపు పనిచేసే ఒక ముసలి సుతారి (తాపీమేస్త్రీ) ఉండేవాడు. 3, 4, 5 అడుగుల త్రికోణంగా తాడు పట్టి మూల తొంభై డిగ్రీలుందో లేదో సరిచూసి, ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని, గీతల మధ్య నిలబడి "సారూ, ఈ అర్రల మంచమేస్తే బీరువ తలుపు తెరుసుకోది" అన్నాడు. నిజమే. అంత పెద్ద స్కేలు డ్రాయింగ్ ఏ ఆఫీసులోనూ లేదు మరి.

అయినా ఈరోజు కంప్యూటర్ లేకుండా పనిచేయమంటే నేను చేయను. ఎండ సంగతే తీసుకోండి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకని మే నెల మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే ఉత్తరపు కిటికీకి కూడా సజ్జ కావాలి. ఇది పుస్తకంలో చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. కానీ సూర్యుడి దారి చూపే చార్టు ముందేసుకుని కోణాలు కొలిచి చూసే ఓపిక ఎవరికుంది? కంప్యూటర్ మోడల్‌లో మే నెల ఎండను నడిపించి చూస్తే నిమిషంలో కళ్లముందుంటుంది. ఉత్తరం వైపు ఎండ రాదని వాదించే ఇంటివాళ్లు కూడా అది చూశాక సజ్జకు ఒప్పుకుంటారు.

రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో గోడంటే రెండు గీతలు కాదు, ఎత్తు, మందం, పొరలు ఉన్న గోడే. ప్లానులో జరిపితే సెక్షన్‌లోనూ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్‌లోనూ) జరుగుతుంది. తప్పులు తగ్గుతాయి. కాకపోతే గది ఎక్కడుండాలో తేలకముందే గోడ రకం అడుగుతుంది. కుర్రవాళ్లు ఏదో ఒకటి నొక్కేస్తారు, ఆ ఏదో ఒకటే చివరిదాకా మిగిలిపోతుంది.

కాగితమా కంప్యూటరా అనే గొడవలో నాకు నచ్చేవాళ్లు రెండూ కలిపి వాడినవాళ్లు. స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియాన్ని ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ చేత్తో చేసిన మోడళ్లతోనే ఆలోచించాడు. ఆ వంపులను కట్టగలిగే కొలతలుగా మార్చడానికి విమానాల డిజైన్ కోసం పుట్టిన కాటియా సాఫ్ట్‌వేర్ వాడారు. అంతకు చాలా ముందే అదే దేశంలో బార్సిలోనా దగ్గర ఆర్కిటెక్ట్ గౌడీ, తాళ్లకు బరువు సంచులు కట్టి తలకిందులుగా వేలాడదీసి, అవి తీసుకున్న వంపులను బట్టి చర్చి కమానులు తేల్చాడు. కరెంటు లేని ఆ కంప్యూటర్ జవాబు సరిగ్గానే చెప్పింది.

మన దగ్గర వరంగల్ కోటలో ఖుష్ మహల్ అనే పాత కట్టడం ఉంది. మమ్మల్ని అక్కడికి కొలతలకు తీసుకెళ్లారు. పైనుంచి తాడుకు గుండు కట్టి నిట్టనిలువుగా వేలాడదీస్తే తాడుకూ గోడకూ మధ్య దూరం పైన ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. గోడ వాలుగా కట్టారని మాకు పుస్తకం కాదు, ఆ తాడు చెప్పింది. 1163 నాటి వేయిస్తంభాల గుడి దగ్గర పీఠం అంచు మడతలను ఒక్కొక్కటే టేపుతో కొలిచాం. ఇప్పుడు లేజర్ స్కానర్ అదే పనిని లక్షల చుక్కల్లో, మనకంటే కచ్చితంగా చేస్తుంది. అదే గుడి కల్యాణ మండపంలా రాయి రాయి విప్పి మళ్లీ పేర్చాల్సిన పని అయితే (2024 మార్చిలో తెరిచారు, చూడనివాళ్లు వెళ్లి చూడండి) నేనైనా స్కానరే కావాలంటాను. అయితే స్కానర్‌కు స్తంభం మీది నగిషీ, దాని మీద వాలిన పావురం ఒకటే. ఏది వదిలేయాలో గీసేవాడు నిర్ణయించుకోవాలి, చదువంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

అందుకే ఈ ఏడాది మన సివిల్ పిల్లలకు ఖుష్ మహల్ దగ్గర ఒక ఆదివారం కొలతల పని పెడదామని కాలేజీలో అడిగాను, సరేనన్నారు. పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. టేపు, తాడు, గుండు నేను తెస్తాను. మన పూర్వ విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా స్కానర్ ఉంటే అదీ తీసుకురండి, రెండు డ్రాయింగ్‌లూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మధ్యాహ్నం భోజనాల సంగతి కమిటీవాళ్లే చూసుకోవాలి.