బాగున్న మోటార్‌ను ఎందుకు ఆపుతారు

మా మిర్యాలగూడ వైపు నుంచి ఎవరైనా దుబాయ్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి "అక్కడ నీ పని ఏందన్నా" అని అడిగితే మోటార్లు చూసుకుంటా అని చెప్తాను. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, "అంటే కాలిపోయిన మోటార్లు బాగుచేస్తవా?" అని. కాదు. కాలిపోతే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) మళ్లీ చుట్టే షాపుకు పోతుంది, అది వేరేవాళ్ల పని. నాకు జీతం ఇచ్చేది కాలిపోకుండా చూసినందుకు. ఏ లోపమూ లేకుండా నడుస్తున్న మోటార్‌ను తేదీ చూసి ఆపి, తుడిచి, కొలిచి, బిగించి, మళ్లీ నడిపించి, ఆ కొలతలు రాసిపెట్టడం. దీన్ని ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు, పనిలో అందరం పీఎం అంటాం.

మా ప్రాంతంలో వలస కొత్త కాదు. పాలమూరు జనం బొంబాయి, పూణే పోయి కట్టడాల్లో పనిచేసిన చరిత్ర అందరికీ తెలుసు. గల్ఫ్ అంటే మాత్రం ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వాళ్లే, క్యాంపుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లం తక్కువగా కనిపిస్తాం. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసి, మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లులో పని నేర్చుకుని, మొదట సౌదీలో దమ్మాం, ఆ తర్వాత దుబాయ్ జెబెల్ అలీకి వచ్చాను. ఇప్పుడు ఆహార పదార్థాల ఫ్యాక్టరీలో కన్వేయర్లు, బ్లోయర్లు, మిక్సర్లు, మిద్దె మీద చల్లగాలిని లోపలికి తోసే పెద్ద ఫ్యాన్ యూనిట్లు, వీటి మోటార్లు, బెల్టులన్నీ మా టీమ్ చూస్తుంది.

మిల్లులో నేర్చుకున్నది తక్కువదని నేను ఎప్పుడూ అనను. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, లోపల గోళీలు ఎట్లా తిరుగుతున్నాయో చెప్పగలిగిన మేస్త్రీలు మా దగ్గర ఉన్నారు. చేత్తో వైండింగ్ చుట్టి అదే రాత్రి మిల్లు నడిపించిన వాళ్లున్నారు. పనితనంలో మనం ఎవరికీ తీసిపోం. ఇక్కడ నాకు కొత్తగా అనిపించినవి రెండే: బాగున్న మిషన్‌ను ఆపడానికి టైమ్ ఇవ్వడం, ప్రతి మోటార్‌కూ ఒక కాగితం ఉండటం. ఆ కాగితంలో మూడు ఫేజుల కరెంటు, బేరింగ్ వేడి, మెగ్గర్ రీడింగ్ (తీగల మీది ఇన్సులేషన్ పూత కరెంటును కారనీయకుండా ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే కొలత), గ్రీజు పెట్టిన తేదీ, బెల్ట్ మార్చిన తేదీ అన్నీ ఉంటాయి. ఆర్నెల్ల కింద ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అన్నది పక్కపక్కన కనిపిస్తుంది. ఒక్క రీడింగ్ చూస్తే ఏమీ తెలియదు. వరుసగా నాలుగు చూస్తే మోటార్ ఎటు పోతోందో తెలుస్తుంది.

బెల్టుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన మిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువ మొరటుగా చూసేది వాటినే. బెల్ట్ కీచుమంటే చాలు గడ్డపారతో మోటార్‌ను వెనక్కి నెట్టి బిగించడం, లేదంటే జిగురు లాంటిది పూయడం. జిగురు పూస్తే చప్పుడు కాసేపు ఆగుతుంది కానీ దానికి దుమ్ము పట్టి బెల్ట్ ఇంకా తొందరగా అరుగుతుంది. మరీ బిగిస్తే బెల్ట్ లాగుడంతా మోటార్ ముందు వైపు బేరింగ్ మీద పడి, బెల్ట్ బాగానే ఉంటుంది, బేరింగ్ పోతుంది, అప్పుడు "బేరింగ్ కంపెనీ మంచిది కాదు" అంటాం. లెక్క చాలా సులువు. రెండు పుల్లీల మధ్య బెల్ట్ ఖాళీగా ఉన్న పొడవు 1 మీటర్ అయితే, నడిమధ్యలో నొక్కినప్పుడు సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి. ఎంత బలంతో నొక్కాలో బెల్ట్ తయారుచేసినవాళ్ల టేబుల్‌లో సెక్షన్‌ను బట్టి ఉంటుంది, దానికి స్ప్రింగ్ గేజ్ దొరుకుతుంది. కొత్త బెల్టులు వేసిన రోజు సరిపెట్టి వదిలేస్తే కుదరదు. అవి గాడిలో కూర్చుని కొంచెం సాగుతాయి కాబట్టి ఒక రోజు నడిచాక మళ్లీ ఆపి చూడాల్సిందే. ఇక్కడ కొత్త బెల్ట్ వేసిన ప్రతి వర్క్ ఆర్డర్ వెంట మర్నాటికి ఇంకో వర్క్ ఆర్డర్ దానంతటదే వస్తుంది.

నాలుగు బెల్టుల పుల్లీలో ఒకటి తెగితే ఒకటే కొనుక్కొచ్చి వేయడం కూడా మన అలవాటు. పాత మూడూ సాగి ఉంటాయి, కొత్తది పొట్టిగా ఉంటుంది, బరువంతా ఆ ఒక్కటే మోస్తుంది, వారం తిరక్కుండానే అదీ పోతుంది. మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి, అదీ ఒకే కంపెనీ సెట్. ఇంకో సంగతి, వీ బెల్ట్ (V ఆకారపు గాడిలో కూర్చునేది) పట్టు ఉండేది గాడి పక్క గోడల మీద, అడుగున కాదు. గాడి అడుగు తళతళా మెరుస్తుందంటే బెల్ట్ అక్కడ తగులుతోందన్నమాట, పుల్లీ అరిగిపోయింది, దాని మీద ఎన్ని కొత్త బెల్టులు వేసినా జారుతూనే ఉంటాయి. గార్డు కింద నల్లటి పొడి రాలి ఉంటే బెల్ట్ రాసుకుంటోంది, పుల్లీలు ఒక లైన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. మాకు ఇక్కడ లేజర్ ఇచ్చారు. కానీ రెండు పుల్లీల అంచు మందం ఒకటే అయితే గట్టి దారం ఒకటి లాగి పట్టుకుని, నాలుగు చోట్లా ముట్టుకుంటోందా అని చూస్తే చాలు, మిల్లులో అది ఊరికే దొరుకుతుంది. బెల్ట్‌ను స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీదికి ఎక్కించొద్దు, లోపలి తాళ్లు తెగుతాయి. బేస్ బోల్టులు వదులు చేసి మోటార్‌ను ముందుకు జరిపి వేయాలి.

గ్రీజు దగ్గర నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం ఇక్కడికొచ్చాక మారింది, ఎక్కువ పెడితే మంచిదే కదా అనుకునేవాణ్ని. ఎక్కువైతే గోళీలు గ్రీజును చిలుకుతూ వేడెక్కుతాయి, సీల్ దాటి వైండింగ్ మీదికి పోతుంది. ఎంత పెట్టాలంటే, బేరింగ్ బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్లలో తీసుకుని రెంటినీ గుణించి, దాన్ని మళ్లీ 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 6310 బేరింగ్‌కు బయటి వ్యాసం 110, వెడల్పు 27, అంటే సుమారు 15 గ్రాములు. మరి గన్ ఒకసారి నొక్కితే ఎంత వస్తుంది? గన్నుకు గన్నుకు తేడా ఉంటుంది, పది సార్లు నొక్కి త్రాసులో తూచి పదితో భాగిస్తే మీ గన్ సంగతి తెలిసిపోతుంది. కింద డ్రెయిన్ ప్లగ్ తీసి పెట్టాలి, పాత గ్రీజు బయటికి వచ్చాకే మూయాలి. రెండు రకాల గ్రీజులు కలపొద్దు, లిథియం దానిలో పాలీయూరియా కలిస్తే నీళ్లయి కారిపోవచ్చు. చిన్న మోటార్లలో రెండు వైపులా రేకు మూతలతో వచ్చే జెడ్‌జెడ్ బేరింగులకు అసలు గ్రీజు పనే లేదు, చప్పుడొస్తే మార్చడమే.

వేడి ఇక్కడి పెద్ద శత్రువు. మామూలు మోటార్ చుట్టూ గాలి 40 డిగ్రీలు మించదనే లెక్కతో తయారవుతుంది, ఇక్కడ జూలై, ఆగస్టులో 45 దాటడం మామూలే. ఇన్సులేషన్ తట్టుకునే వేడి మీద ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగం అవుతుందని వైండింగ్ వాళ్లంతా చెప్పే లెక్క. అందుకే మోటార్ ఒంటి మీది రెక్కల మధ్య దుమ్ము తీయడం, వెనక ఫ్యాన్ కవర్ జాలీ తుడవడం చిన్న పని అనిపించినా నా లిస్టులో అదే ముందుంటుంది. ఇసుక దుమ్మయితే బ్రష్‌తో రాలిపోతుంది. మన మిల్లులో తవుడు దుమ్ము అట్లా కాదు, దానికి నూనె ఉంటుంది, రెక్కల మధ్య అట్ట కట్టి కూర్చుంటుంది, అది గోకి తీయాల్సిందే. మిద్దె మీద పనులకు ఇంకో చిక్కు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని యూఏఈ చట్టం. మేం తెల్లవారుజామునే ఎక్కి, ఎండ ముదరకముందే దిగుతాం. ఆ చట్టం ఉన్నందుకు నాకు నిజంగా సంతోషం, మన దగ్గర మే నెల ఎండలో హమాలీలు పడే కష్టం చూసినవాణ్ని.

చాలామంది అడిగే సంగతి ఒకటి, సౌదీ నుంచి పాత మోటార్ కొనుక్కొచ్చి బోరుకో మిల్లుకో వాడొచ్చా అని. వద్దు. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి 380 వోల్టుల మోటార్‌ను మన 415 వోల్టుల మీద పెడితే స్పీడు ఆరో వంతు తగ్గడం ఒక్కటే కాదు, కోర్ మీద అయస్కాంత భారం పెరిగి, లోడ్ లేకపోయినా కరెంటు లాగి వేడెక్కుతుంది.

ఇక కాలిపోవడం. మా దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వైపు బోరు మోటార్లు కాలడం రైతు ఇంట్లో ప్రతి ఏటా ఉండే ఖర్చు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినా ఒక ఫేజు పోతే పరిస్థితి అదే. లోడ్ మీద తిరిగే మోటార్‌కు ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటిలో కరెంటు సుమారు 1.7 రెట్లు అవుతుంది. ఫేజుల మధ్య వోల్టేజీలో 2 శాతం తేడా ఉన్నా కరెంటులో 12 నుంచి 20 శాతం దాకా తేడా వస్తుంది. దీన్ని ఆపడానికే, కరెంటు మించితే మోటార్‌ను ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉంది, కానీ ఊరికే ట్రిప్ అవుతోందని దాని నాబ్ పైకి తిప్పేస్తారు. మిల్లుల్లో ఎక్కువగా ఉండే స్టార్ డెల్టా స్టార్టర్‌లో (మోటార్‌ను మొదట తక్కువ వోల్టేజీ మీద లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది) ఇంకో మెలిక ఉంది. రిలే మామూలుగా వైండింగ్ వైపు ఉంటుంది, అక్కడ పోయేది లైన్ కరెంటులో 0.58 వంతే, కాబట్టి నేమ్‌ప్లేట్ మీద 30 ఆంపియర్లు ఉంటే రిలేను 30కి కాదు, 0.58తో గుణించి సుమారు 17.4కి పెట్టాలి. 30కి పెట్టారంటే రిలే ఉన్నా లేనట్టే. ఈ ఒక్క మాట నేను ఫోన్‌లో ఎంతమందికి చెప్పానో.

పని మొదలుపెట్టే ముందు ఇక్కడ ప్రతి మనిషికీ సొంత తాళం ఉంటుంది. మెయిన్ ఐసోలేటర్ ఆఫ్ చేసి నా తాళం వేసుకుంటాను, నా పేరు, ఫోటో ఉన్న ట్యాగ్ కడతాను, తాళంచెవి నా జేబులోనే. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి రావట్లేదని చూసుకుని, టెర్మినల్ దగ్గర టెస్టర్ పెట్టి, అప్పుడే గార్డు విప్పుతాను. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు, చివరి మనిషి తీసేదాకా ఎవరూ ఆన్ చేయలేరు. మన మిల్లుల్లో స్విచ్ ఆఫ్ చేసి "ఎవ్వరినీ ఆన్ చేయనియ్యకురా" అని ఒక పిల్లగాణ్ని నిలబెడతాం. బెల్టుకూ పుల్లీకీ మధ్య వేళ్లు పోగొట్టుకున్న మనుషులు మా ఊళ్లలో ఉన్నారు. తాళం కొనడం ఏ మిల్లుకూ భారం కాదు. మనదగ్గర అన్నిటికంటే ముందు రావాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం, మోటార్ కంటే ముందు మనిషి.

ఇక్కడంతా సక్రమంగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మోటార్ దగ్గరికి పోకుండానే షీట్ మీద అన్ని గడుల్లో టిక్ పెట్టి సంతకం చేసేవాళ్లను నేను పనిచేసిన చోట్ల చూశాను. ప్రతి నెలా అదే రీడింగ్ పాయింటు తేడా లేకుండా ఉంటే అది రాసింది మీటర్ కాదు, పెన్ను. అట్లాంటి కాగితం లేకపోవడమే నయం, ఉంటే దాన్ని నమ్మి మోసపోతాం.

మా అక్క మొగుడు మిల్లులో ఫిట్టర్. ఇవన్నీ చెప్తే మొదట్లో ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు చెప్పేది బాగనే ఉంటది బామ్మర్దీ, సీజన్ల మిల్లు ఎట్ల ఆపుమంటవ్? లారీలు బయట నిలబడ్డయి, సేటు ఊకుంటడా?" అనేవాడు. అది నిజమే. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు, యాసంగి వడ్లు వచ్చినప్పుడు మిల్లు ఆపమని నేనూ చెప్పను. "సీజన్‌ల ఆపకు బావా, రెండు సీజన్ల నడుమ ఖాళీ ఉంటది కదా, అప్పుడు లైన్‌గా పట్టు" అన్నాను. సేటుకు చెప్పాల్సిన లెక్క కూడా అదే, సీజన్‌లో ఎలివేటర్ మోటార్ ఒక్కటి ఆగితే దాని వెనకున్న మిషన్లన్నీ ఆగుతాయి, హమాలీలకు కూర్చోబెట్టి కూలి ఇవ్వాలి.

ఈసారి ఖాళీలో బావ నోట్‌బుక్ ఒకటి పెట్టాడు. మోటార్ల మీద పెయింట్‌తో నంబర్లు వేశాడు, టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజులూ చూసి రాశాడు, పాలిషర్ బెల్టులు సెట్ మొత్తం మార్చి మర్నాడు మళ్లీ బిగింపు చూశాడు. 500 వోల్టుల మెగ్గర్ అద్దెకు తెచ్చి అన్నిటికీ పెట్టాడు. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) ఉన్న బ్లోయర్‌కు మాత్రం డ్రైవ్ నుంచి వైర్లు విప్పాకే పెట్టమని ముందే చెప్పాను, లేకపోతే డ్రైవ్ లోపలి ఎలక్ట్రానిక్స్ పోతాయి. అన్నీ బాగానే వచ్చాయి, బాయిలర్ పక్కన ఆవిరిలో ఉండే ఎలివేటర్ మోటార్ ఒక్కటే 2 మెగోమ్‌లు చూపించింది. ఈ సైజు మోటార్‌కు కనీసం 5 ఉండాలి. అది తడి వల్లా, ఇన్సులేషన్ ముసలిదయ్యా అన్నది ఒక్క రీడింగ్‌తో తేలదు. విప్పి, పెద్ద బల్బులు పెట్టి నిదానంగా ఎండబెట్టమన్నాను. వేడెక్కుతున్నప్పుడు రీడింగ్ మొదట ఇంకా పడుతుంది, భయపడొద్దని కూడా చెప్పాను. తడి పోతుంటే మెల్లగా పైకి లేస్తుంది. లేచిందంటే వార్నిష్ చేయించి అదే వాడుకోవచ్చు, లేవకపోతే సీజన్ మొదలయ్యేలోపే వైండింగ్‌కు పంపాలి. గంటగంటకూ రీడింగ్ ఫోటో తీసి పంపుతున్నాడు.